చర్చి గేటు దగ్గర రాసుకున్న పేర్లు

“ఇంకోసారి చదువు,” అన్నాను.

ఎనిడ్ రేపటి పత్రిక ప్రూఫు కాగితాన్ని టీ కెటిలుకి ఆనించి నిలబెట్టింది. మామూలుగా నా కోడలు చదవడం మొదలుపెడితే వెనకాల ఎవరో తరుముతున్నట్టుంటుంది. ఈసారి మాత్రం ఆగి ఆగి చదివింది.

“‘సోమవారం జరిగిన శ్రీ ఎబెనీజర్ హేలాక్ అంత్యక్రియలకు...’ ఇదంతా వద్దుగా? సరే. ‘శవపేటిక వెంట నడిచినవారు: శ్రీమతి కెజయా హేలాక్, భార్య. శ్రీ హెడ్లీ హేలాక్, కొడుకు. శ్రీమతి ఎనిడ్ హేలాక్, కోడలు. శ్రీ ఏమస్ హేలాక్, తమ్ముడు.’ అంతే అత్తయ్యా. ఆ కింద ‘ఇంకా హాజరైనవారు’ మొదలు.”

“ఆ కిందే చదువు.”

ఎనిడ్ మొగుడి వంక చూసింది. నా కొడుకు రొట్టె మీద వెన్న రాస్తున్నాడు. రాసిన చోటే మళ్ళీ రాస్తున్నాడు.

“‘కాలేజీ వంటశాల తరఫున శ్రీ డాంట్. పావురాల సంఘం తరఫున శ్రీ పాప్‌వర్త్. శ్రీమతి ప్లెడ్జర్...’ ఈవిడ పేరెందుకో! ప్రార్థన సగంలో వచ్చింది, మనింట్లో హామ్ ముక్కలు అయ్యేదాకా కదల్లేదు. ‘మిస్ ఆర్. హేలాక్...’”

“చాలు,” అన్నాడు హెడ్లీ.

కుళాయి దగ్గర నా కూతురు రోడా మాకు వీపు పెట్టి కప్పులు కడుగుతోంది. నీళ్ళ చప్పుడు ఆగలేదు.

మా ఊళ్ళో ఎవరు పోయినా రికార్డర్ పత్రిక మనిషి చర్చి గేటు దగ్గర పుస్తకం పట్టుకుని నిలబడతాడు. లోపలికెళ్ళే ప్రతివాళ్ళ పేరూ రాసుకుంటాడు. శుక్రవారం పత్రిక రాగానే కేంబ్రిడ్జిలో సగం ఇళ్ళలో ముందు చూసేది ఆ పేర్లే. పేరు జారిపోతే అన్నదమ్ముల మధ్య కూడా ఏళ్ళ తరబడి మాటలుండవు. మొన్న సోమవారం రెండో విలేకరికి గవదబిళ్ళలు. అందుకని అదే పత్రికలో విలేకరి అయిన హెడ్లీయే గేటు దగ్గర నిలబడ్డాడు. తండ్రి పెట్టె వెనక నడవాల్సినవాడు, అది గేటు చేరేదాకా, నల్లబట్టలతో, పెన్సిలు పట్టుకుని.

“పావురాల సంఘానికి ఇచ్చిన మర్యాద కూడా ఇవ్వలేదే నీ అక్కకి,” అన్నాను. “వాళ్ళు ఎవరి తరఫున వచ్చారో రాశావు. ఇది ఎవరి తరఫున వచ్చింది?”

“నేను అడిగానమ్మా. గేటు దగ్గర అడిగాను, పేరేమిటని.”

“సొంత అక్కని పేరేమిటని అడిగారా!” ఎనిడ్ చెంచా కింద పెట్టేసింది.

“అందర్నీ అడుగుతాం. అదీ పద్ధతి.”

“అడిగాడు,” అంది రోడా, వెనక్కి తిరక్కుండానే. “హేలాక్ అని చెప్పాను. రాసుకోవడం వచ్చా, అక్షరాలు కూడా చెప్పనా అన్నాను.”

ఎనిడ్‌కి నవ్వు వచ్చింది. మొగుడి మొహం చూసి దాన్ని టీలో ముంచేసింది.

హెడ్లీ లేచాడు. “ఏడాది మంచంలో ఉన్నాడు నాన్న. గడ్డం గీసింది నేను. తినిపించింది ఎనిడ్. పద్దెనిమిదేళ్ళ తర్వాత అక్క రైలు దిగి, పెట్టె వెనక నా పక్కన నడుస్తానంటే ఎలా కుదురుతుంది?”

“నడుస్తానని ఎవరన్నార్రా? వెనక బెంచీలో కూర్చున్నాను.”

“అందుకే వెనక వేశాను.”

నీళ్ళు ఆగాయి. రోడా చేతులు తుడుచుకుని బల్ల దగ్గరికొచ్చింది. ప్రూఫు అందుకోలేదు, దూరం నుంచే చూసింది. నలభై ఏళ్ళొచ్చాయి దానికి. క్రోమర్‌లో సముద్రం ఒడ్డున టీ దుకాణం నడుపుతోంది. చేతులు ఎర్రగా, గట్టిగా అయ్యాయి. కోపమొస్తే పై పెదవి బిగించడం మాత్రం వాళ్ళ నాన్నదే.

“అమ్మా, నువ్వు వాణ్ణేమీ అనకు,” అంది. “ఒరేయ్, నా పేరు మొత్తం తీసెయ్. ముందూ వద్దు, వెనకా వద్దు. ఒకసారి పడింది ఆ పత్రికలో. ఈ జన్మకి అది చాలు.”

ఆ ఒకసారి సంగతి ఈ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

పందొమ్మిది వందల పదమూడులో, ఆడవాళ్ళకి ఓటు కావాలని, రోడా వీధి చివరి పోస్టు డబ్బాలో సిరా పోసింది. టోపీల కొట్లో పనిచేసేదప్పుడు. కోర్టులో జరిమానా కట్టనని చెప్పి పద్నాలుగు రోజులు జైలుకెళ్ళింది. ఆ వారం రికార్డర్‌లో దాని పేరు, వయసు, వీధితో సహా పడింది. ఆ అక్షరాలు పేర్చింది, ఆ పత్రిక కంపోజింగు గదిలో పనిచేసే దాని తండ్రే. జైలు నుంచి రాగానే, ఇదే వంటింట్లో, “నీ చేత్తోనే పేర్చావా నాన్నా?” అని అడిగింది. “అవును,” అన్నాడాయన. రోడా పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది. ఉద్యోగం అప్పటికే పోయింది.

హెడ్లీ టోపీ తీసుకున్నాడు. “పన్నెండింటికి పేజీ బిగిస్తారు. ఆలోపు తీసెయ్యమని చెబుతాను. ఆవిడ కోరికే కదా.”

“తీసేస్తే ఊరుకోను,” అన్నాను.

“మరి ఏం వెయ్యమంటావు?”

“నాన్నకి ఏమవుతుందో అదే వెయ్యి.”

తలుపు గట్టిగా వేయలేదు వాడు. నెమ్మదిగా వేశాడు. నా కొడుకు కోపం అలాగే ఉంటుంది.

*

పదకొండు కొట్టకముందే రోడా చేత కోటు తొడిగించాను. దాని రైలు మధ్యాహ్నం. పత్రిక బయటికి రాకముందే ఊరు దాటాలని దాని తొందర.

“ఎక్కడికే అమ్మా?”

“నాన్న పనిచేసిన చోటికి. ఒక్కదాన్నే నడవలేను.”

“నువ్వా? నిన్న బొగ్గు బస్తా మోశావు.”

“ఇవాళ నడవలేను.”

పార్కర్స్ పీస్ మైదానం మీదుగా, తడి గడ్డి తొక్కుకుంటూ వెళ్ళాం. సైకిళ్ళ మీద నల్ల గౌన్ల కాలేజీ కుర్రాళ్ళు మమ్మల్ని తప్పించుకుంటూ పోయారు. దారంతా రోడా ఒకటే మాట అడిగింది. “ఆయన ఎప్పుడైనా నా పేరెత్తాడా?” లేదని చెప్పాను. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

రికార్డర్ భవనం మార్కెట్ వెనక సందులో ఉంది. నలభై నాలుగేళ్ళ కాపురంలో ఆ గుమ్మం దాకా అన్నం గిన్నెతో వందసార్లు వెళ్ళాను. లోపల అడుగుపెట్టలేదు. ఆ వెనక గుమ్మం దగ్గరే జనం ఆయన కోసం కాచుకునేవాళ్ళు. కోర్టు వార్తల్లో పేరు పడకుండా చూడమని. ఒకసారి దీపం లేని సైకిలు తొక్కి పట్టుబడ్డ పెద్ద ప్రొఫెసరుగారు వచ్చాడు. మా ఆయన కుర్చీ వేసి, టీ ఇచ్చి, వాతావరణం గురించి అరగంట మాట్లాడి పంపేశాడు. శుక్రవారం ప్రొఫెసరుగారి పేరు, చదువులు, బిరుదులు, దీపం లేని సైకిలు అన్నీ పడ్డాయి.

ఫోర్‌మన్ జేబెజ్ థోడే మెట్లు దిగి వచ్చాడు. ఒకప్పుడు మా ఆయన దగ్గర పని నేర్చుకుని, ఆయన్ని మేస్త్రిగారని పిలిచినవాడు. నన్ను చూసి టోపీ తీశాడు. రోడాని చూసి టోపీ మళ్ళీ పెట్టుకోవడం మర్చిపోయాడు.

“అమ్మగారూ! మీరిక్కడికి...”

“పదమూడో సంవత్సరం పత్రిక చూడాలి జేబెజ్. ఉందా?”

“పదమూడేమిటమ్మగారూ, పదిహేడు వందల తొంభై నాలుగు నుంచీ ఉన్నాయి.”

రోడా నా మోచేయి వదిలేసింది. “అమ్మా, దీనికా నన్ను తీసుకొచ్చావు?”

“నువ్వు దాన్ని చదవలేదు. నేనూ చదవలేదు. విన్నాం అంతే. ఇద్దరం ఒకసారి చూద్దాం.”

పాత సంచికల గది నేలమాళిగలో ఉంది. థోడే దీపం వెయ్యగానే నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

గోడలు కనపడలేదు. నేల నుంచి కప్పు దాకా తోలు అట్టల పుస్తకాలు, ఒక్కోటి చంటిపిల్ల ఉయ్యాలంత. ఏడాదికి ఒకటి. వాటి వాసన చర్చిలోని పాత బెంచీల వాసనలా ఉంది. నేను గొంతు తగ్గించాను. ఎందుకు తగ్గించానో తెలియదు. పక్కన చూస్తే రోడా కూడా చేతిసంచీ గుండెకి హత్తుకుని ఉంది.

“మొదటిది చూపించనా?” అన్నాడు థోడే. మొహం వెలిగిపోతోంది. ఆ గదిలోకి ఎవరూ రారు కాబోలు.

మొదటి దాంట్లో నాలుగే పేజీలు. ఒక మూల ఎర్రటి ముద్ర. పత్రికల మీద ప్రభుత్వం పన్ను వేసిన రోజులవి. రోడా వేలు పెట్టి నెమ్మదిగా చదివింది. లండన్ వార్త, పారిస్ వార్త, ఫలానా కాలేజీలో ఫలానా ఆయన పెద్ద పదవికి ఎంపిక. ఆఖర్న, నుదుటి మీద తెల్ల మచ్చ ఉన్న ఆవు తప్పిపోయింది, పట్టించినవారికి బహుమానం. మరో పుస్తకంలో వాటర్లూ యుద్ధం. దాని పక్కనే ఎవరిదో పియానో అమ్మకానికి. ఓడిపోయిన చక్రవర్తికీ, పియానోకీ ఒకే సైజు అక్షరాలు.

“మనవాళ్ళు ఏరీ?” అన్నాను. “అన్నీ కాలేజీ దొరలే ఉన్నారు.”

“అప్పట్లో మనం రెండు చోట్లే ఉండేవాళ్ళం అమ్మగారూ. దొంగతనం చేస్తే పడేది పేరు, లేదా నదిలో పడి చచ్చిపోతే. డెబ్బైల్లో ఒక సంపాదకుడు వచ్చాడు. ప్రొఫెసర్ల అంత్యక్రియలకి వచ్చినవాళ్ళ పేర్లు వేస్తున్నాం, రైల్వే కూలీకి ఎందుకు వెయ్యం అన్నాడట. యజమాని నవ్వాడట. అయినా వేశారు, ఇరవై మూడు పేర్లు. ఆ శుక్రవారం మధ్యాహ్నానికల్లా ఒక్క కాపీ మిగల్లేదు.”

థోడే ఆ పుస్తకం తీసి చూపించాడు. ఇరవై మూడు పేర్లు. నేను నా అంతట నేనే చదివాను. అందరూ చచ్చిపోయి ఉంటారు. వాళ్ళు ఆ కూలీ కోసం వానలోనో ఎండలోనో నడిచారన్న సంగతి మాత్రం నిన్న జరిగినంత నల్లగా ఉంది. ఈ గదిలో ఊరంతా ఉంది. పుట్టినవాళ్ళు, పెళ్ళాడినవాళ్ళు, దీపం లేకుండా సైకిలు తొక్కినవాళ్ళు. వారానికి ఒకసారి, ఎవరో ఒకరు ఒక్కో అక్షరం పేర్చి, ఎవర్నీ వదలకుండా.

“పదమూడు,” అంది రోడా.

థోడే పుస్తకం తీశాడు. పేజీ వెతుక్కోలేదు. అది ఎక్కడుందో అతనికి తెలుసు.

రోడా వంగింది. నేను దాని భుజం మీదుగా చూశాను. మూడో కాలమ్, సగం కింద. రోడా పైకి చదివింది.

“‘పోస్టు డబ్బాలో సిరా పోసిన నేరంపై రోడా హేలాక్, ఇరవై రెండేళ్ళు, గ్విడిర్ వీధి, ఈ పత్రిక కంపోజింగు గదిలో పనిచేసే శ్రీ ఎబెనీజర్ హేలాక్...’”

ఆగింది.

“చదువు,” అన్నాను.

చదవలేకపోయింది. నేనే చదివాను. “‘...కూతురు.’”

గదిలో దీపం సన్నగా మోగుతోంది.

“ఆ ముక్క విలేకరి రాసిన కాగితంలో లేదు,” అన్నాడు థోడే. “నేను ఆయన పక్క బల్ల దగ్గర ఉన్నాను, నాకు తెలుసు. ముందు సంపాదకుడే వచ్చి, ‘ఈ వార్త వదిలెయ్యవయ్యా హేలాక్, ఎవరూ అడగరు’ అన్నాడు. ‘వెనక గుమ్మం దగ్గర ఎంతమంది తల్లుల్ని పంపేశానో మీకు తెలుసు కదండీ’ అన్నాడు మేస్త్రిగారు. పేరు పేర్చాడు. తర్వాత చాలాసేపు చెయ్యి కదల్లేదు. అప్పుడు ఆ లైను సొంతంగా కలిపాడు. ఇరవై రెండేళ్ళ మనిషికి తండ్రి పేరు వెయ్యక్కర్లేదు. వెయ్యరు కూడా. అక్కడ ఆయన తన పేరు తనే వేసుకున్నాడు.”

“అవమానించడానికా?” అంది రోడా.

“అమ్మాయిగారూ, జైలుకెళ్ళేవాళ్ళ పక్కన ఎవరైనా తన పేరు వేసుకుంటారా అవమానించడానికి? యజమాని పిలిచి మా పత్రిక పేరు దాంట్లోకి లాగుతావా అని తిట్టాడు. ఫోర్‌మన్ ఉద్యోగం ఆ నెలలో రావాల్సింది. ఐదేళ్ళు రాలేదు.”

ఆ ఐదేళ్ళూ నాకు గుర్తున్నాయి. ఎందుకు రాలేదో నాతో చెప్పలేదు. ఊళ్ళో కూడా ఎవరూ అనలేదు. ఫలానా ఆయన కూతురని అందరికీ తెలిసిన మాటని పత్రికలో ఎవరు పట్టి చదువుతారు?

“మరి ప్రూఫు చూసినవాళ్ళకి తెలియలేదా?” అన్నాను. “కాగితంలో లేని ముక్క వస్తే తీసెయ్యాలిగా?”

థోడే నా వెనక గుమ్మం వైపు చూశాడు.

“ప్రూఫు చూసింది ముసలి గాథర్‌కోల్,” అన్నాడు హెడ్లీ. ఎప్పుడొచ్చాడో తెలియదు. “ఆయన సరిచూసుకోవడానికి విలేకరి కాగితం పైకి చదివి వినిపించింది, అప్పటి కుర్రపనివాణ్ణి, నేను.”

*

రోడా పుస్తకం మీంచి చెయ్యి తీయలేదు. “నీకు తెలుసా?”

“పదిహేడేళ్ళప్పటి నుంచీ తెలుసు.”

“తెలిసి...”

“ఆయన లేని మాట కలపడం నా జన్మలో ఒక్కసారే చూశాను. గాథర్‌కోల్ ‘ఇది కాగితంలో ఉందా?’ అన్నాడు. ఉందన్నాను. నా నోటితో నేనే ఉంచాను దాన్ని.” హెడ్లీ గొంతు పెరగలేదు. “తర్వాత పద్దెనిమిదేళ్ళుగా ఈ పత్రికకి రాస్తున్నానక్కా. వరదలు రాశాను, యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్ళని రాశాను. ఎక్కడా నా పేరుండదు. ‘మా విలేకరి’ అని ఉంటుంది. అది పద్ధతి, సరే. ఇంట్లో ఒక్కసారైనా ఇది నువ్వు రాసిందేనా అని అడగలేదు ఆయన. నీ కోసం మాత్రం...”

“చెబితే నేను మర్నాడే తిరిగొచ్చేదాన్ని.”

“అందుకే చెప్పలేదు.”

నేను నా కొడుకు మొహం చూశాను. పొద్దున్న రొట్టెకి వెన్న రాసిన మొహం కాదది.

“పదిహేడేళ్ళవాడివి, అప్పుడు సరే,” అంది రోడా మెల్లగా. “ముప్పై అయిదేళ్ళవాడివి, ఈ సోమవారం గేటు దగ్గర పేరేమిటని అడిగావు. అది ఏ పద్ధతిరా?”

థోడే గడియారం తీసి చూసి, దగ్గాడు. “పావుగంట ఉంది.”

హెడ్లీ పైకి నడిచాడు. మేం వెనకే వెళ్ళాం. బయటివాళ్ళు లోపలికి రాకూడదని తెలిసినా థోడే నన్ను ఆపలేదు.

కంపోజింగు గది చప్పుడు నా అరికాళ్ళలోంచి వచ్చింది. ఒక్కో లైనునీ కరిగిన సీసంతో పోత పోసే యంత్రాలు వరుసగా ఆరున్నాయి. నడుమ ఇనుప బల్ల మీద రేపటి పేజీ, చట్రంలో, వెండిలా మెరుస్తూ. అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి. నేను ఆ బల్ల అంచు పట్టుకుని వంగాను. “‘శ్రీ ఏమస్ హేలాక్, తమ్ముడు,’” అని చదివాను.

పక్కనున్న పనివాడు నోరు తెరిచాడు. “అద్దం లేకుండా!”

నాకు చదువు అలాగే వచ్చింది. రోడా వెళ్ళిపోయాక ఏడాదికొక ఉత్తరం రాసేది. ఆయన దాన్ని విప్పకుండా అల్మారా మీద పెట్టేవాడు. అప్పటికి నాకు చదవడం రాదు. నలభై తొమ్మిదో ఏట అక్షరాలు నేర్పమని అడిగాను. ఎందుకని ఆయన అడగలేదు. మర్నాడు అరిగిపోయిన సీసపు అక్షరాలు గుప్పెడు జేబులో వేసుకొచ్చి, వంటింటి బల్ల మీద పరిచాడు. కూతురి ఉత్తరాలు ఆయన చదివి వినిపించలేదు. నేను చదువుకునేలా చేశాడు. ఈ సంగతి నాకు ఇప్పుడే అర్థమవుతోంది.

హెడ్లీ ప్రూఫు మీద పెన్సిలుతో కింద ఉన్న పేరు కొట్టేశాడు. పైన రాశాడు. ‘మిస్ రోడా హేలాక్, కూతురు.’

రోడా చూసింది. వద్దనలేదు.

“బంధువులకి తలా ఒక లైను,” అన్నాడు థోడే. “పైన ఒకటి పెరిగింది, కింద ఒక పేరు తీసినా లైను తగ్గలేదు. సందులన్నీ పొద్దున్నే పిండేశాం, కింద బొగ్గు వ్యాపారి ప్రకటన ఉంది. ఒక లైను తీస్తేగానీ చట్రం బిగియదు.”

“పూలదండలు పంపినవాళ్ళ జాబితాలోంచి తియ్యి,” అన్నాడు హెడ్లీ.

“అవన్నీ పేర్లే. మేస్త్రిగారి అంత్యక్రియల్లోంచి ఎవరి పేరు తియ్యమంటారు?”

“నాది తియ్యి,” అన్నాను.

ముగ్గురూ నా వైపు తిరిగారు.

నా పేరు ఈ పత్రికలో పడడం అదే మొదటిసారి. పొద్దుటి నుంచీ ఎనిడ్ చేత మళ్ళీ మళ్ళీ చదివించుకోవడంలో ఆ ఆశ కూడా ఉంది, దాచను. “ఎబెన్ హేలాక్ పెళ్ళానికి ఇంకో రుజువు అక్కర్లేదు. తీసెయ్యి జేబెజ్.”

“కుదరదమ్మగారూ. భార్య పేరు లేని అంత్యక్రియల వార్త ఈ భవనంలోంచి బయటికెళ్ళలేదు.”

హెడ్లీ పెన్సిలు మళ్ళీ కిందికి దిగింది. ఒక గీత గీశాడు. ప్రూఫు థోడే చేతిలో పెట్టి, ఎవరి వైపూ చూడకుండా, కోటు కాలరు ఎత్తుకుని మెట్ల వైపు వెళ్ళాడు.

యంత్రం నుంచి కొత్త లైను వచ్చింది, ఇంకా వేడిగా. థోడే ప్రూఫు చూశాడు. పెదవి కొరుక్కున్నాడు. పేజీలోంచి ఒక లైను ఊడదీసి బల్ల అంచున పెట్టాడు. దాని చోట కూతుర్ని పెట్టాడు. సరిగ్గా సరిపోయింది.

అంచున పెట్టినదాన్ని నేను చదివాను. ‘శ్రీ హెడ్లీ హేలాక్, కొడుకు.’

ఆలోచించలేదు. వంటింటి బల్ల మీద తీసుకున్నట్టే ఆ సీసపు ముక్కని రెండు వేళ్ళతో తీసుకున్నాను.

“అమ్మగారూ!” థోడే మొహం పాలిపోయింది. “ముట్టుకోకూడదు. మా పనివాళ్ళ సంఘంలో లేనివాళ్ళు అక్షరం ముడితే పని ఆపెయ్యాలి...”

మొదటి యంత్రం దగ్గర మనిషి నన్ను చూశాడు. చేతులు పైకెత్తి, మీటల మీంచి తీసేసి, ఒళ్ళో పెట్టుకున్నాడు. కోపంగా కాదు. అలా చెయ్యాలి కనక. రెండోవాడు ఆపాడు. మూడోవాడు. ఒక్కో చప్పుడూ విడిగా ఆగడం వినిపించింది. బల్లల దగ్గరివాళ్ళు అక్షరాలు కింద పెట్టి ఒకడుగు వెనక్కి వేశారు. ఆరో యంత్రం కూడా ఆగాక, ఆ గదిలో మా ఊపిరి మాకే వినపడింది. అంతమంది మగవాళ్ళు, ఇంత పెద్ద భవనం, నా వేళ్ళ మధ్య ఒక సన్నటి ముక్క.

“గురువారం మధ్యాహ్నం,” అన్నాడు థోడే. “యుద్ధంలో కూడా ఈ వేళకి పని ఆగలేదు.”

“కింద పెట్టెయ్యి అమ్మా,” అంది రోడా గుసగుసగా. “ఇచ్చెయ్యి వాళ్ళకి.”

“వాడి పేరు కూడా పేజీలో పెడతామంటే ఇస్తాను.”

బయట గ్రేట్ సెయింట్ మేరీ గడియారం పన్నెండు మొదలుపెట్టింది.

మెట్ల మీద నా కొడుకు అడుగులు ఆగాయి. పుట్టి బుద్ధెరిగాక ఆ భవనంలో వాడు ఇలాంటి నిశ్శబ్దం వినలేదు.